ఆదరణ కరువైన యుద్ధ స్మారకాన్ని నిలబెట్టుకోవడం ఎలా: తొలి పరిశీలన నుంచి ఏటేటా సంరక్షణ దాకా

యుద్ధ స్మారకాన్ని బాగుచేయాలనుకునేవారు నన్ను ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే: రాయి తెల్లబడాలంటే ఏ ద్రావణం వాడాలి? ఆ ప్రశ్నకు జవాబు ఆరో అంచెలో ఉంది. దాన్ని అంత దూరం జరపడానికి కారణం ఉంది. మంచి మనసుతో బకెట్టు, బ్రష్షు పట్టుకుని ఒక్క ఉదయంలో చేసిన పని, యాభై ఏళ్ల ఎండావానలు చేయలేనంత నష్టం చేసిన స్మారకాలను నేను చూశాను.

అందుకే ఈ వరుస తప్పకండి. ముందు కాగితాల పని, తర్వాత పేర్లు చదవాలి, ఆ తర్వాతే నీళ్లు. చివరిది, అన్నిటికన్నా ఎక్కువ కాలం సాగేది, మనుషుల పని. పేర్లు ఎవరివో తెలిసినవారు నలుగురు ఉంటే నాచు పట్టిన రాయికి కూడా దిక్కు ఉంటుంది. ఎవరూ లేకపోతే తళతళలాడే రాయి కూడా పదేళ్లలో మళ్లీ పొదల పాలవుతుంది.

1. తొలి సందర్శన: ఏమీ ముట్టుకోకుండా చూడండి

మొదటిసారి వెళ్లేటప్పుడు నోటుపుస్తకం, ఫోను, టార్చిలైటు, కొలత టేపు చాలు. శుభ్రం చేసే సామగ్రి ఏదీ తీసుకెళ్లకండి. చేతిలో బ్రష్షు ఉంటే చేయి ఊరుకోదు.

స్మారకం చుట్టూ రెండుసార్లు తిరగండి. మొదటిసారి దూరం నుంచి చూడండి: ఒరిగిందా, పీఠం కుంగిందా, చెట్టు కొమ్మలు పైన వాలాయా, వాననీరు ఎటు పోతోంది? రెండోసారి దగ్గర నుంచి: పగుళ్లు, రాలుతున్న పెచ్చులు, తుప్పు మరకలు, వదులైన ఫలకాలు, పోయిన అక్షరాలు.

ప్రాణాల మీదికి వచ్చే ప్రమాదాలు మూడు ఉంటాయి. వాటిని ముందే చూసుకోండి.

- ఒరిగిన రాయి. కదులుతుందో లేదోనని తోసి చూడకండి. దారానికి బరువు కట్టి వేలాడదీస్తే వాలు తెలుస్తుంది. అనుమానం ఉంటే దాని ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరంలో తాడు కట్టి, పిల్లలను దగ్గరికి రానివ్వకండి.
- పాత గుండ్లు, షెల్లులు, బాంబు తొడుగులు. అలంకారంగా అమర్చినవి అన్నీ ఖాళీవని అనుకోవద్దు. తట్టవద్దు, కదపవద్దు. దూరంగా జరిగి పోలీసులకు చెప్పండి.
- పాత రంగు. చాలాకాలం క్రితం వేసిన రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. దాన్ని గరుకు కాగితంతో రుద్దితే లేచే పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

2. ఇది ఎవరిదో తేల్చుకుని అనుమతి తీసుకోండి

ఎవరూ పట్టించుకోని స్మారకం అంటే యజమాని లేని స్మారకం అని కాదు. స్థలం ఒకరిది, కట్టడం మరొకరిది, నిర్వహణ బాధ్యత మూడోవారిది కావచ్చు. స్థానిక పాలక సంస్థ, ప్రార్థనా స్థలం, పాఠశాల, మాజీ సైనికుల సంఘం, సైనిక దళం, భూమి యజమాని, ఈ వరుసలో అడుగుతూ వెళ్లండి. భూమి దస్త్రాలు, ఆవిష్కరణ నాటి వార్తాపత్రికలు, పాత సమావేశాల తీర్మానాలు తరచుగా చిక్కుముడి విప్పుతాయి.

కట్టడానికి చట్టపరమైన వారసత్వ రక్షణ ఉందేమో కనుక్కోండి. ఉంటే శుభ్రం చేయడానికి కూడా ముందస్తు అనుమతి అవసరం కావచ్చు. అక్కడే సైనికులను ఖననం చేసి ఉంటే అది సమాధి స్థలం; నియమాలు ఇంకా కఠినంగా ఉంటాయి. బ్రిటన్, భారత్, ఆస్ట్రేలియా, కెనడా వంటి కామన్వెల్త్ దేశాల తరఫున రెండు ప్రపంచ యుద్ధాల్లో మరణించినవారి సమాధులను 1917లో ఏర్పడిన కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ చూసుకుంటుంది. అమెరికా తన విదేశీ సమాధి స్థలాలకు 1923లో ప్రత్యేక కమిషన్ ఏర్పాటు చేసింది. ఇలాంటి సంస్థ ఆధీనంలోని రాయి మీద మీరు చేయి వేయకండి. దాని స్థితిని వారికి రాసి పంపండి. అదే పెద్ద సాయం.

అనుమతి మాటల్లో కాకుండా రాతలో ఉండాలి. ఏ పని, ఏ పద్ధతి, ఎవరు చేస్తారు, పాడైతే ఎవరు బాధ్యులు అన్న నాలుగు విషయాలూ అందులో రావాలి.

3. నమోదు: ఇవాళ ఉన్నది ఉన్నట్టుగా

ఈ అంచెను దాటవేస్తే తిరిగి చేసుకోవడం కుదరదు. శుభ్రం చేశాక పాత స్థితి మళ్లీ కనిపించదు కదా.

ఫొటోలు నాలుగు దిక్కుల నుంచి, పై నుంచి, ప్రతి ఫలకానికీ విడిగా తీయండి. పక్కన కొలబద్ద పెట్టండి. మూడు కొలతల (3డి) నమూనా తయారుచేయాలనుకుంటే స్మారకం చుట్టూ నడుస్తూ, ప్రతి ఫొటోలో మూడింట రెండొంతులు ముందు ఫొటోలోని భాగమే కనిపించేలా తీయాలి. ఇప్పుడు నమూనా చేయకపోయినా పర్వాలేదు. ఫొటోలు ఉంటే పదేళ్ల తర్వాతైనా ఎవరో ఒకరు చేస్తారు.

అరిగిపోయిన అక్షరాలకు ఒక్క ఉపాయం చాలు: పక్క నుంచి పడే వెలుతురు. మిట్టమధ్యాహ్నం ఎదురుగా నిలబడి చూస్తే బోసిగా కనిపించిన ఫలకమే చీకటి పడ్డాక వేరుగా కనిపిస్తుంది. టార్చిని రాతికి దాదాపు ఆనించి, వెలుతురు రాతి మీదుగా పాకేలా పట్టుకోండి. అక్షరపు లోతులో నీడ నిలుస్తుంది. టార్చిని నెమ్మదిగా ఎడమ నుంచి పైకి, పై నుంచి కుడికి తిప్పుతుంటే ఒక కోణంలో నిలువు గీత, మరో కోణంలో అడ్డగీత బయటపడతాయి. ఇలా ఒక రాత్రి, అప్పటిదాకా ఖాళీ అనుకున్న ఆఖరి వరుసలో ఒక పేరు ఒక్కో అక్షరంగా లేచి వచ్చింది. మాతో ఉన్న కుర్రాడు ఆ పేరును గొంతెత్తి చదివాడు. ఆ పేరును అక్కడ నిలబడి ఎవరైనా పలికి ఎన్నేళ్లయి ఉంటుందో! ఆ రాత్రి తర్వాత అతను ఒక్క వారం కూడా పనికి రాకుండా ఉండలేదు.

అక్షరాలు కనబడాలని సుద్ద, పిండి, షేవింగ్ క్రీమ్ రాయడం మానండి. క్రీములోని ఆమ్లాలు, జిడ్డు రాతి రంధ్రాల్లో ఉండిపోతాయి. పిండి సూక్ష్మజీవులకు మేత. కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీయడం కూడా పొడిరాలే రాతి మీద పనికిరాదు. వాషింగ్టన్‌లో 1982లో అంకితం చేసిన వియత్నాం స్మారక గోడ మీది పేర్లకు సందర్శకులు అలా అచ్చులు తీసుకుంటారు. అది నున్నగా మెరుగుపెట్టిన గ్రానైటు కాబట్టి తట్టుకుంటుంది.

నమోదు పట్టికలో ఇవి ఉండాలి:

- స్థలం, అక్షాంశ రేఖాంశాలు, చేరుకునే దారి
- ఎత్తు, వెడల్పు, మందం. ఏ పదార్థాలతో కట్టారో
- చెక్కిన ప్రతి మాట, ఉన్నది ఉన్నట్టుగా, తప్పులతో సహా, వరుస విరుపులతో సహా
- చదవలేని అక్షరం స్థానంలో చుక్క, ఊహతో నింపవద్దు
- ప్రతి లోపానికీ ఒక సంఖ్య, ఆ సంఖ్యతో ఒక ఫొటో
- తేదీ, నమోదు చేసినవారి పేరు

నకళ్లు మూడు చోట్ల దాచండి. ఒకటి కాగితం మీద ఉండి తీరాలి.

4. పేర్ల వెనుక ఉన్న మనుషులను వెతకండి

పేర్ల పట్టిక సిద్ధమయ్యాక ప్రతి పేరుకూ ఒక పుట కేటాయించండి. పూర్తి పేరు, వయసు, దళం, చనిపోయిన తేదీ, చోటు, తల్లిదండ్రులు, చదువుకున్న బడి, చేసిన పని: దొరికినంత రాయండి.

కామన్వెల్త్ కమిషన్ జాబితాలో సుమారు 17 లక్షల మంది పేర్లు ఉన్నాయి, ఎవరైనా వెతుక్కోవచ్చు. జర్మన్ మృతులకు 1919లో ఏర్పడిన ఫోల్క్స్‌బుండ్ సంస్థ, ఫ్రెంచ్ మృతులకు ఆ దేశ రక్షణ శాఖ నడిపే జాబితా ఉన్నాయి. పేరు ఒక్కదానితో వెతికితే పదిమంది వస్తారు. దళం, తేదీ కలిపి వెతకండి. వర్ణక్రమం మారిన రూపాలతోనూ వెతకండి.

దస్త్రాలు దొరకకపోతే మీ వెతుకులాటలో లోపం ఉందని నిరుత్సాహపడకండి. మొదటి ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ సైనికుల సేవా దస్త్రాల్లో సగానికి పైగా 1940 బాంబు దాడిలో కాలిపోయాయి. అమెరికాలో సెయింట్ లూయిస్ దస్త్రాగారంలో 1973 జూలైలో జరిగిన అగ్నిప్రమాదంలో కోటీ అరవై లక్షలకు పైగా సైనిక దస్త్రాలు పోయాయి. అలాంటి చోట మిగిలిన ఆధారం ఇళ్లలోనే ఉంటుంది: పెట్టె అడుగున ఉత్తరం, పతకం, పింఛను కాగితం, గోడ మీది ఫొటో.

కాబట్టి కుటుంబాలను కలవండి. ఇక్కడ తొందర పనికిరాదు. తలుపు తట్టగానే ఫోను తీసి రికార్డు చేయడం మొదలుపెడితే మాట రాదు. మొదటిసారి స్మారకం ఫొటో, దాని మీది పేరు చూపించి రండి. రెండోసారి వాళ్లే పెట్టె తెరుస్తారు. ఉత్తరాలను అక్కడే ఫొటో తీసి తిరిగి ఇచ్చేయండి; ఇంటికి తీసుకెళ్లకండి. ఏది బయటపెట్టవచ్చో, ఏది కూడదో రాతలో అడిగి తీసుకోండి. యుద్ధం నుంచి తిరిగి వచ్చి కుంగిపోయినవారి కథలు, శిక్షకు గురైనవారి కథలు కూడా వస్తాయి. వాటిని ఏం చేయాలన్నది ఆ కుటుంబం ఇష్టం.

చెక్కని పేర్లు. వెతుకుతున్నకొద్దీ రాతి మీద లేనివారు బయటపడతారు. ఇది ఎక్కడో ఒక చోట జరిగిన పొరపాటు కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సామ్రాజ్యం తరఫున చనిపోయినవారిలో కనీసం 1,16,000 మందిని, ఎక్కువగా తూర్పు ఆఫ్రికా, ఈజిప్టులకు చెందినవారిని, పేరుతో స్మరించలేదని కామన్వెల్త్ కమిషన్ వేసిన కమిటీయే 2021 ఏప్రిల్‌లో ఇచ్చిన నివేదికలో ఒప్పుకుంది. మీ స్మారకం మీద కూలీలు, వంటవారు, నర్సులు, జంతువులను తోలినవారు ఉన్నారో లేదో ప్రత్యేకంగా చూడండి.

అయితే పాత రాతి మీద కొత్త పేరు చెక్కించకండి. ఆధారాలతో విడి ఫలకం గానీ, స్మృతి పుస్తకం గానీ పెట్టండి. పాత రాయి ఆనాటి వాళ్లు ఎవరిని గుర్తుంచుకున్నారో చెప్పే సాక్ష్యం. దాన్ని దిద్దితే ఆ సాక్ష్యం పోతుంది.

5. రాయి ఏదో, జబ్బు ఏదో గుర్తించండి

పాలరాయి, సున్నపురాయి ఆమ్లానికి కరిగిపోతాయి. ఇసుకరాయి పొరలు పొరలుగా ఊడుతుంది. గ్రానైటు గట్టిది కానీ మెరుగు పోతే తిరిగి రాదు. కాంక్రీటులో లోపలి ఇనుప కడ్డీలు తుప్పుపట్టి ఉబ్బుతాయి. తేల్చుకోలేకపోతే మెత్తటి రాయి అనుకునే పని చేయండి.

గోటితో కాదు, వేలి కొసతో మెల్లగా తాకి చూడండి. వేలికి పొడి అంటితే, తట్టినప్పుడు డొల్ల శబ్దం వస్తే, పెచ్చు లేస్తుంటే ఆ రాతిని శుభ్రం చేయకూడదు. రాతి సంరక్షణ నిపుణులను పిలవాల్సిందే. ఈ విషయంలో మినహాయింపు లేదు.

తెల్లటి పొడి పూత కనిపిస్తే అది ఉప్పు. లోపల తేమ ఉందని అర్థం. పొడి బ్రష్షుతో దులిపి, తేమ ఎక్కడి నుంచి వస్తోందో వెతకండి. కడిగితే ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది.

6. శుభ్రం చేయడం: నీళ్లు, మెత్తటి బ్రష్షు, ఓపిక

ముందు మీకు మీరే ఒక మాట చెప్పుకోండి: ఇది కొత్తదిగా కనిపించనక్కర్లేదు. అవసరమైనంత చేయడం, అంతకు మించి ఏమీ చేయకపోవడం అన్నది 1979లో ఆస్ట్రేలియాలో రూపొందిన వారసత్వ సంరక్షణ మార్గదర్శి బుర్రా చార్టర్ సారం. రాతి సంరక్షణకు అంతకన్నా మంచి కొలమానం నాకు దొరకలేదు. నీరు నిలిపే నాచు, పేర్లు కప్పేసే మురికి తీయాలి. వయసు తెచ్చిన రంగును వదిలేయాలి.

కావలసినవి:

- శుభ్రమైన మంచినీళ్లు, అనుకున్నదానికి రెండింతలు
- చేతితో కొట్టే పిచికారీ సీసా
- సహజమైన కేశాలు లేదా మెత్తటి నైలాన్ ఉన్న బ్రష్షులు, పెద్దవి రెండు, అక్షరాలకు చిన్నవి రెండు
- వెదురు లేదా కొయ్య పుల్లలు, ప్లాస్టిక్ గరిటె
- స్పాంజి, చేతి తొడుగులు, కళ్లద్దాలు

వరుస ఇది:

1. మబ్బు పట్టిన, చల్లని రోజు ఎంచుకోండి. కాలే ఎండలో నీళ్లు ఆరిపోయి మరకలు పడతాయి. మంచు గడ్డకట్టే వాతావరణం దగ్గర్లో ఉంటే వాయిదా వేయండి. రాతిలోకి వెళ్లిన నీరు గడ్డకట్టి పగలగొడుతుంది.
2. వెనుకవైపు, అక్షరాలు లేని చోట అరచేయి అంత భాగంలో ప్రయత్నించండి. కొన్ని రోజులు ఆగి, పూర్తిగా ఆరాక చూడండి.
3. పొడి బ్రష్షుతో ఆకులు, మట్టి, సాలెగూళ్లు దులపండి.
4. రాతిని బాగా తడపండి. పొడి రాయి మురికి నీటిని పీల్చేస్తుంది. తడిసిన రాయి పీల్చదు.
5. మందంగా పట్టిన నాచు నానాక, ప్లాస్టిక్ గరిటెను రాతికి సమాంతరంగా పట్టి లేపండి. రాకపోతే మళ్లీ తడపండి. బలం వాడవద్దు.
6. కింది నుంచి పైకి తోమండి. పై నుంచి మొదలుపెడితే మురికి చారలు కింది పొడి రాతి మీద పాకి, ఎంత కడిగినా పోకుండా ఉండిపోతాయి.
7. చిన్న గుండ్రాలుగా, పళ్లు తోముకునేంత ఒత్తిడితోనే తోమండి. బ్రష్షును తరచుగా కడగండి. దానిలో ఇరుక్కున్న ఇసుక రేణువే రాతిని గీస్తుంది.
8. ప్రతి చిన్న భాగాన్నీ వెంటనే కడిగి, తర్వాతి భాగానికి వెళ్లండి.
9. అక్షరాల లోతుల్లో మురికిని వెదురు పుల్లతో తీయండి. సూది, మేకు, చాకు వద్దు.

నీటితో పోని నల్లటి, పచ్చటి పొరకు క్వాటర్నరీ అమోనియం తరహా, ఆమ్లం గానీ క్షారం గానీ ఎక్కువగా లేని జీవనాశని (నాచు, శిలీంధ్రాలను చంపే మందు) వాడవచ్చు. అమెరికాలో ప్రభుత్వ సైనిక సమాధి ఫలకాలపై జాతీయ ఉద్యానవన సేవ పరిశోధన కేంద్రం పరీక్షించినవాటిలో డీ2 అనే ద్రావణం ఈ రకానిదే. పిచికారీ చేసి, డబ్బా మీద రాసిన ప్రకారం వదిలేయండి. పని అయిన రోజు పెద్ద తేడా కనిపించకపోవచ్చు. నాచు, శిలీంధ్రాలు చచ్చి, వానలకు వారాలు, నెలల తరబడి నెమ్మదిగా రాలతాయి. మరుసటి రోజే మళ్లీ తోమాలనిపిస్తుంది, ఆగండి.

లైకెన్ (శిలీంధ్రం, శైవలం కలిసి రాతి మీద పెరిగే పొర) విషయంలో నా అభిప్రాయం గట్టిది. రాతికి బొట్టుల్లా అతుక్కున్న లైకెన్ పేర్లను కప్పేయకపోతే దాన్ని అలాగే ఉంచండి. పీకితే దానితోపాటు రాతి పొర కూడా వస్తుంది. పైగా కొన్ని రకాలు అరుదైనవి.

కూడనివి:

- బ్లీచింగ్, క్లోరిన్ ద్రవాలు (లోపల ఉప్పు మిగిల్చి రాతిని పొడిచేస్తాయి)
- యాసిడ్, వెనిగర్, నిమ్మరసం
- బట్టల సబ్బు పొడి, అంట్ల సబ్బు
- ఇనుప పీచు, వైరు బ్రష్షు, గ్రైండరు, ఇసుక చిమ్మే యంత్రం
- అధిక పీడనంతో నీరు కొట్టే యంత్రం
- శుభ్రం చేశాక మెరుపు కోసం పూసే వార్నిషులు, నీటిని అడ్డుకునే పూతలు

ఒకసారి సరిగా శుభ్రం చేసిన రాతిని ఏటేటా తోమనక్కర్లేదు. ఏటా పొడి బ్రష్షుతో దులిపితే చాలు. నీటి పని కొన్నేళ్లకు ఒకసారి, అవసరమైతేనే.

7. కంచు, ఇనుము

కంచు ఫలకం గోధుమ రంగులోనో, ముదురు ఆకుపచ్చలోనో ఉండటం జబ్బు కాదు. ఆ పొర లోహాన్ని కాపాడుతుంది. ఇత్తడి సామాను తోమినట్టు పాలిష్ పెట్టి మెరిపిస్తే రక్షణ పొర, దానితోపాటు అక్షరాల అంచులు పోతాయి. లేత ఆకుపచ్చ చిలుము పొడిపొడిగా రాలుతూ, కింద గుంటలు పడుతుంటే అది లోహాన్ని తినేసే తుప్పు, నిపుణులకు చూపించండి.

మంచి స్థితిలో ఉన్న కంచుకు: స్వేదనజలంలో కొన్ని చుక్కల తటస్థ ద్రవ సబ్బు కలిపి, మెత్తటి బ్రష్షుతో కడిగి, స్వేదనజలంతోనే మళ్లీ కడగండి. పూర్తిగా ఆరాక మైక్రోక్రిస్టలైన్ మైనాన్ని (పెట్రోలియం నుంచి తీసే సన్నటి స్ఫటికాల మైనం) పలుచగా రాసి, మెత్తటి గుడ్డతో రుద్దండి. ఏటా ఒకసారి మైనం పూస్తే చాలా ఏళ్లు నిలుస్తుంది. ఫలకం మీద పాత లక్క పూత, రంగు పూత ఉంటే మైనం పని మొదలుపెట్టకముందే అడగండి.

రాతిలో దాగిన ఇనుప పట్టీలు ఎక్కువ ప్రమాదం. తుప్పు అసలు ఇనుముకన్నా ఎన్నో రెట్లు చోటు ఆక్రమించి రాతిని లోపలి నుంచి చీలుస్తుంది. సందు దగ్గర ఎర్రటి మరక, దాని వెంట సన్నటి పగులు కనిపిస్తే పైన సిమెంటు పూసి దాచకండి. పట్టీని తీసి తుప్పుపట్టని ఉక్కు పెట్టడం అనుభవం ఉన్న రాతి పనివారి పని.

కంచు ఫలకాలు దొంగతనానికి గురవుతాయి. స్పష్టమైన ఫొటోలు, కొలతలు, వెనుకవైపు గుర్తు, సాధారణ పనిముట్లతో విప్పలేని మరలు, ఈ నాలుగూ ముందే సిద్ధం చేసుకోండి.

8. అక్షరాలకు రంగు వేయాలా?

మొదట రంగు ఉండేదని ఆధారం ఉంటేనే వేయండి. అక్షరపు మూలల్లో పాత రంగు కణాలు, పాత ఫొటోలు ఆధారాలు. చాలా స్మారకాల మీద అక్షరాలకు రంగే లేదు. నీడతో చదవడానికే అంత లోతుగా చెక్కారు. కొన్నిచోట్ల సీసాన్ని రంధ్రాల్లోకి కొట్టి అక్షరాలు అతికిస్తారు. ఆ అక్షరం ఊడిపోయినా మిగిలిన రంధ్రాల అమరికను బట్టి చదవవచ్చు. ఆ రంధ్రాలను పూడ్చకండి.

ఒకచోట అరిగిన పేర్లకు ఎనామెల్ రంగు వేసినవారు కనిపించని గీతలను తమకు తోచినట్టు పూర్తిచేశారు. ఇద్దరి పేర్లు మరో ఇద్దరివిగా మారిపోయాయి. ఆ ఇద్దరిలో ఒకరి కుటుంబానికి చెందిన ముసలావిడ మనవడి చేయి పట్టుకుని వచ్చి, వరుస వెంట వేలు పెట్టి వెతికి, తన పెదనాన్న పేరు అక్కడ లేదనుకుని వెనక్కి వెళ్లారు. రంగు తీశాకే మాకు అసలు పేరు కనిపించింది. కబురు పంపి ఆవిడను మళ్లీ పిలిపించాం. ఆవిడ ఈసారి ఏమీ మాట్లాడలేదు. తడి ఆరని ఆ అక్షరాల మీద అరచేయి ఆనించి అలాగే నిలబడ్డారు.

అందుకే రంగు తప్పనిసరి అయితే ఇద్దరు కూర్చోండి. ఒకరు నమోదు పట్టిక చూస్తూ అక్షరం అక్షరం పైకి చదవాలి. మరొకరు రాతి మీద ఆ అక్షరాన్ని చూపించాకే కుంచె కదలాలి. చుక్క పెట్టిన అక్షరాన్ని చుక్కగానే వదిలేయండి. చదవలేనంతగా అరిగితే రాతిని మళ్లీ చెక్కడం కన్నా పక్కన పేర్ల ఫలకం పెట్టడం మేలు.

9. సందులు, పగుళ్లు

పాత కట్టడాల్లో రాళ్ల మధ్య సున్నపు గచ్చు ఉంటుంది. దాన్ని తీసి సిమెంటు పెట్టడం నేను చూసిన పొరపాట్లన్నిటిలోకీ ఖరీదైనది. సిమెంటు రాతికన్నా గట్టిది, తేమను బయటికి పోనివ్వదు. తేమ రాతి గుండానే బయటికి వచ్చి, ఉప్పుతో దాని ముఖాన్ని రాల్చేస్తుంది. గచ్చు ఎప్పుడూ రాతికన్నా మెత్తగా ఉండాలి. పాడవడానికి ఏదో ఒకటి ఉండాలంటే అది గచ్చు కావాలి, రాయి కాకూడదు.

సున్నం పని చేసేటప్పుడు సందును తడపండి, పొరలుగా నింపండి, కొన్ని రోజులు తడి గోనెగుడ్డ కప్పి నెమ్మదిగా ఆరనివ్వండి. ఎండకు వదిలేస్తే పొడిగా రాలిపోతుంది.

10. చుట్టూ ఉన్న నేల, మొక్కలు

రాతికి అల్లుకున్న తీగను లాగకండి. మొదలు దగ్గర కాండం కోసి, పూర్తిగా ఎండేదాకా ఆగి, అప్పుడు మెల్లగా విడదీయండి. గడ్డి కోసే యంత్రం పీఠం అంచులను కొట్టకుండా చుట్టూ చిన్న కంకర పట్టీ వేయండి. కలుపు మందు రాతికి తగలనివ్వవద్దు. నేల వాలు పీఠానికి దూరంగా ఉండాలి.

పుష్పగుచ్ఛాలకు ఒక చోటు కేటాయించండి. ఇనుప తీగ తడిసి తుప్పు మరక మిగుల్చుతుంది. కొవ్వొత్తి మైనం రాతిలోకి ఇంకుతుంది. అవి రాతి మీద కాకుండా పక్కన అరుగు మీద ఉండాలి. వాడిపోయాక ఎవరు తీస్తారో, ఎన్ని రోజులకు తీస్తారో ముందే చెప్పండి. పువ్వులతోపాటు ఉత్తరాలు, ఫొటోలు పెట్టినవారు ఉంటే వాటిని చెత్తలో వేయకండి. వియత్నాం గోడ దగ్గర వదిలిన వస్తువులను అక్కడి ఉద్యానవన సేవ సేకరించి భద్రపరుస్తుంది; మీరు ఒక పెట్టె, ఒక జాబితాతో మొదలుపెట్టవచ్చు.

11. జనాన్ని తిరిగి తీసుకురావడం

చాలా బృందాలు శుభ్రం చేసి, ఫొటోలు దిగి ఆగిపోయేది ఇక్కడే. ఒక్క పెద్ద సభకన్నా చిన్న అలవాటు ఎక్కువ కాలం నిలుస్తుంది.

బెల్జియంలోని ఈపర్ పట్టణంలో మొదటి ప్రపంచ యుద్ధ మృతుల స్మారకమైన మెనిన్ గేటు కింద 1929 నుంచి ప్రతి సాయంత్రం 8 గంటలకు బాకా ఊదుతారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ ఆక్రమణ నాటి విరామం తప్ప అది ఆగలేదు. నేర్చుకోవలసింది ఆ పని ఎంత చిన్నదో చూసి: కొద్ది నిమిషాలు, కొద్దిమంది స్థానిక స్వచ్ఛంద సేవకులు, మారని వేళ.

మీ దగ్గర రోజూ కుదరదు. ఇవి కుదురుతాయి:

- ఒక్కో పేరు, ఒక్కో రోజు. ఆ సైనికుడు చనిపోయిన తేదీన ఎవరో ఒకరు వెళ్లి, ఆ పేరు పైకి చదివి, నాలుగో అంచెలో తయారుచేసిన పుటను వినిపించాలి. ఇరవై పేర్లుంటే ఏడాదికి ఇరవై సందర్శనలు. స్మారకం నెలల తరబడి ఒంటరిగా ఉండదు.
- బడి పిల్లలకు ఒక్కొక్కరికి ఒక్కో పేరు. తన వయసుకు దగ్గరగా ఉన్నవాడి పేరు దొరికిన పిల్లవాడు దాన్ని మరచిపోడు. పిల్లలకు ఉపన్యాసం వద్దు. టార్చి ఇచ్చి అక్షరాలు వెతకమనండి.
- చూపులేనివారు వచ్చినప్పుడు రాతిని తాకి చదివే అవకాశం ఇవ్వండి. నడవలేనివారికి చదునైన దారి వేయండి.
- ఆ యుద్ధంలో అవతలి పక్షాన నిలిచినవారి వారసులు కూడా దగ్గర్లో ఉండవచ్చు. ఆహ్వానించే ముందు రెండు కుటుంబాలతోనూ విడివిడిగా మాట్లాడండి.

స్మారకం దగ్గర చిన్న సమాచార పలక పెడితే రాతికి మేకులు కొట్టకుండా విడి స్తంభం మీద పెట్టండి. సంప్రదించవలసినవారి వివరాలు మారుతుంటాయి కాబట్టి ఆ భాగం తేలికగా మార్చగలిగేలా ఉంచండి.

డబ్బు గురించి ఒక్క మాట: నమోదు పట్టిక, అనుమతి పత్రం, నిపుణుల అంచనా ఉన్న బృందానికి విరాళం అడగడం సులువు. అవి లేకుండా అడగకండి.

12. జరిగిపోయిన పొరపాట్లను దిద్దుకోవడం

*ఎవరో సున్నం, రంగు పూసేశారు.* గీకకండి. ఏ రంగో తెలియకుండా ద్రావకం వాడకండి. చిన్న చోట పరీక్షించి, పూతను మెత్తబరిచే లేపనంతో తీయడం నిపుణులు చేస్తారు. తీయడంలో అక్షరాలకు ముప్పు ఉంటే ప్రస్తుతానికి వదిలేయడం కూడా సరైన నిర్ణయమే.

*బ్లీచింగ్ వాడేశారు.* మంచినీటితో పలుమార్లు కడగండి. తర్వాతి నెలల్లో తెల్లటి ఉప్పు పూత వస్తే పొడి బ్రష్షుతో దులిపి, దులిపిన పొడిని ఎత్తిపారేయండి.

*పెచ్చు ఊడి వచ్చింది.* పారేయకండి, జిగురుతో అతికించకండి. ఎక్కడిదో రాసి, ఫొటో తీసి, మెత్తటి కాగితంలో చుట్టి దాచండి. అక్షరం ఉన్న ముక్క అయితే అది పేరులో భాగం.

*పేరు తప్పుగా చెక్కారని తేలింది.* రాతిని దిద్దకండి. సరైన పేరును పక్కన పలకలో, పుస్తకంలో ఆధారంతో రాయండి.

*బృందంలో ఉత్సాహం తగ్గింది.* శుభ్రం చేసే పనులు తగ్గించి, పేర్ల పని పెంచండి. తోమడం నాలుగోసారికి విసుగు పుట్టిస్తుంది. కొత్త ఉత్తరం దొరికిన రోజు ఎవరికీ విసుగు ఉండదు.

13. ఏడాది పొడవునా చేయాల్సినవి

- వానాకాలానికి ముందు: నీటి దారులు, సందులు, చెట్ల కొమ్మలు
- వానాకాలం తర్వాత: కొత్త మరకలు, నాచు, కుంగుబాటు
- స్మరణ దినానికి నెల ముందు: పొడి బ్రష్షుతో దులపడం, కంచుకు మైనం, దారి శుభ్రం
- స్మరణ దినం తర్వాత రెండు వారాల్లో: పుష్పగుచ్ఛాలు, తీగలు, కొవ్వొత్తి మైనం తీయడం
- ఏడాదికి ఒకసారి: మొదటి రోజు తీసిన కోణాల్లోనే ఫొటోలు, పాతవాటితో పోలిక
- ఐదేళ్లకు ఒకసారి: నిపుణులతో పూర్తి పరిశీలన

ప్రతి సందర్శననూ ఒకే పుస్తకంలో రాయండి: తేదీ, వచ్చినవారు, చూసినది, చేసినది, వాడిన ద్రావణం పేరు, ఎంత వాడారో. ఏమీ చేయకపోతే "చూశాం, మార్పు లేదు" అని రాయండి. ఆ పుస్తకం ఎక్కడుందో కనీసం ముగ్గురికి తెలియాలి, వారిలో ఒకరు ముప్పై ఏళ్లలోపువారు కావాలి.